ఎవరు పోయారని తలస్నానం చేశారు?

ఆ సాయంత్రం మా పిన్ని పెరట్లో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. వీధి అరుగు మీద ఫోన్ చూసుకుంటున్న బాబాయి లేచి వచ్చి, ఎవరితో ఏమీ మాట్లాడకుండా పంపు దగ్గరికి వెళ్లి తల మీద నుంచి నాలుగు చెంబులు నీళ్లు పోసుకున్నాడు. వేళ కాని వేళ తలస్నానం. మన ఇళ్లలో దానికి ఒకటే అర్థం. "ఎవరు పోయారండీ?" అని కంగారుగా అడిగింది పిన్ని. ఆలోపే ఆయన అన్నదమ్ములనీ వాళ్ల పిల్లలనీ మనసులో ఒకసారి లెక్కపెట్టుకుందట. "ఎవరూ లేదు, ఉక్కగా ఉంటేనూ" అన్నాడు బాబాయి.

అది జనవరి నెల.

రాత్రి ఆయన పడుకున్నాక పిన్ని ఫోన్ తీసి చూసింది. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో దండ వేసిన ఒకావిడ ఫోటో ఉంది. దాని కింద వరసగా "ఓం శాంతి"లు, దణ్ణాలు. గ్రూపులో దాదాపు అందరూ పెట్టారు. బాబాయి ఒక్క ముక్క కూడా పెట్టలేదు. పిన్నికి అక్కడే అర్థమైపోయింది. మర్నాడు అడిగితే ఆయన దాచలేదు. ఇంటర్ అయ్యేదాకా ఆ అమ్మాయంటే ఇష్టం. ఆ అమ్మాయికీ ఇష్టమే. ఇళ్లలో పడలేదు. వాళ్లు వేరే జిల్లాకి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. అంతే.

"పెళ్లయి ముప్పై ఆరేళ్లు. ఆయనకి తలనొప్పి వస్తే ఏ వైపు మొదలవుతుందో నాకు తెలుసు. ఇది మాత్రం తెలీలేదు చూడు" అంది పిన్ని నాతో. ఊరూ పేర్లూ చెప్పకుండా రాయమని తనే అడిగింది. ఈ బాధ తనొక్కదానిదే కాదని ఆవిడ నమ్మకం. నేనూ అదే నమ్ముతున్నాను.

చూడబోతే ఇందులో ఎవరి తప్పూ లేదు. బాబాయి ఎవరినీ మోసం చేయలేదు. ఆవిడ ఈ లోకంలోనే లేదు. అయినా పిన్ని రెండు నెలలు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. విన్నవాళ్లు రెండే మాటలన్నారు: "ఈ వయసులో ఇదేం గోల?", "పోయినావిడ మీద అసూయేంటి?" ఈ రెండు మాటలూ ఆవిడకి ఏమాత్రం పనికిరాలేదు. ఎందుకంటే ఇలాంటి చోట ఒక బాధ ఉండదు, రెండు మూడు కలిసి చిక్కుపడి ఉంటాయి. ఒక దారం పట్టుకుని లాగితే ఇంకోటి బిగుసుకుంటుంది. విడివిడిగా చూస్తేనే ఏది ఎవరిదో తెలుస్తుంది.

లెక్కలో లేని మైల

ముందు బాబాయి సంగతి. మన సంప్రదాయంలో దుఃఖానికి చాలా కచ్చితమైన లెక్క ఉంది. దాయాదులకి పది రోజులు, పెళ్లయిన కూతురికి మూడు రోజులు, దూరపు చుట్టరికమైతే వార్త విని స్నానం చేస్తే చాలు. కులాన్ని బట్టీ ఇంటి ఆచారాన్ని బట్టీ లెక్క మారొచ్చు గానీ, లెక్కంటూ ఉంది. ఆ లెక్క ఉండబట్టే పోయినవాళ్ల ఇంటికి నలుగురూ వస్తారు, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరు, వంట చేసి తెచ్చి పెడతారు, ఏడుస్తుంటే పక్కన కూర్చుంటారు. మరి పదిహేడేళ్ల వయసులో ఇష్టపడి, దక్కకుండా పోయిన మనిషి చనిపోతే ఎన్ని రోజులు? ఆ లెక్క ఎక్కడా లేదు. ఎవరూ పలకరించరు. పైగా ఏడవడమే తప్పైపోతుంది.

కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టాడు. సమాజం గుర్తించని, బయటికి చెప్పుకునే హక్కు ఇవ్వని దుఃఖం అని దాని భావం. విడిపోయిన ప్రేమికులు, మాజీ భార్యాభర్తలు, కడుపులోనే బిడ్డని పోగొట్టుకున్న తల్లులు ఇలాంటి దుఃఖం మోస్తుంటారు. ఓదార్పు దొరకని దుఃఖం లోపలే ఉండిపోయి, సంబంధం లేని చోట బయటపడుతుంది. బాబాయి విషయంలో అది నాలుగు చెంబుల నీళ్లుగా బయటపడింది. ఆయన ఎవరికీ చెప్పుకోలేక, తనకి తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో ఆ మనిషిని సాగనంపాడు. నాకు ఆయన మీద కోపం రావడం లేదు. రాకూడదనే అనుకుంటున్నాను.

పదిహేడేళ్ల మనిషికి వయసు రాదు

"ముప్పై ఆరేళ్లు నాతో ఉండి, రెండేళ్ల దాన్ని ఎలా గుర్తుపెట్టుకున్నాడు?" అని పిన్ని అడిగింది. నిజానికి ఇది ప్రేమ గురించిన ప్రశ్నలా కనిపించే జ్ఞాపకశక్తి ప్రశ్న.

నడివయసు దాటినవాళ్లని మీ జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, చాలావరకు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే చెబుతారు. జ్ఞాపకాల మీద పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చాలా దేశాల్లో గమనించారు. ఆ వయసులో చాలావరకు అన్నీ మొదటిసారే: మొదటి జీతం, మొదటి సినిమా, ఇల్లు వదిలి మొదటి ప్రయాణం. మొదటిసారి జరిగింది గట్టిగా నాటుకుంటుంది. నలభై ఐదో ఏట తిరుపతి వెళ్లొచ్చిన యాత్ర కన్నా పదహారో ఏట సైకిల్ మీద పక్క ఊరి తిరునాళ్లకి వెళ్లడం స్పష్టంగా గుర్తుండటం ఇందుకే. అందులో తిరుపతిని తక్కువ చేసిందేమీ లేదు.

ఇంకోటి, తెగిపోయిన కథ. బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు 1927లో బెర్లిన్‌లో చేసిన ప్రయోగాలు ప్రచురించింది. మనుషులకి చిన్న చిన్న పనులు ఇచ్చి, కొన్నింటిని సగంలో ఆపేయించింది. తర్వాత అడిగితే, పూర్తయిన వాటికన్నా మధ్యలో ఆగిన పనులే వాళ్లకి ఎక్కువ గుర్తున్నాయి. ఆ తర్వాత అదే ప్రయోగం చేసిన అందరికీ అదే ఫలితం రాలేదన్న సంగతి కూడా చెప్పాలి, పైగా అది పూసలు గుచ్చడంలాంటి పనుల గురించి, ప్రేమల గురించి కాదు. అయినా మనందరి అనుభవం దానికి దగ్గరగానే ఉంటుంది. ముగింపు లేని దాని చుట్టూ మనసు తిరుగుతుంది. "అప్పుడు వాళ్ల నాన్నని అడిగి ఉంటే?" అనే ప్రశ్నకి ఎన్నేళ్లయినా జవాబు దొరకదు కాబట్టి అది పాతబడదు.

దీనికి తోడు ఆ అమ్మాయి ఎప్పుడూ కరెంటు బిల్లు గురించి గొడవపడలేదు. అత్తగారికి పక్షవాతం వస్తే మూడేళ్లు మంచం పట్టీ దగ్గర కూర్చోలేదు. ఆవిడకి గురక లేదు, మోకాళ్ల నొప్పులు లేవు, మొగుడి మీద విసుగు లేదు. జ్ఞాపకంలో ఉన్న మనిషినీ ఇంట్లో ఉన్న మనిషినీ పక్కపక్కన పెట్టి తూచడం మొదటి నుంచీ అన్యాయమే. బాధలో ఉన్న భార్యగానీ భర్తగానీ ముందు చేసేది సరిగ్గా ఆ పనే.

పాత ఆల్బమ్ మళ్లీ తిరగేయడం

ఇప్పుడు పిన్ని బాధ. దాన్ని అసూయ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అసూయ అయితే "ఆయన నన్ను వదిలి వెళ్లిపోతాడేమో" అని భయం ఉండాలి. ఆ భయం ఆవిడకి లేదు. ఆవిడ చేసిన పని ఏమిటంటే, బీరువాలోంచి పాత ఫోటో ఆల్బమ్ తీసి ఒక్కో పేజీ తిప్పుతూ కూర్చోవడం. "అరకు వెళ్లినప్పుడు రైలు కిటికీ దగ్గర ఒక్కడే కూర్చుని అలా చూస్తున్నాడు కదా, అప్పుడు ఆవిడ గుర్తొచ్చిందా? పెళ్లి ఫోటోలో మొహం అలా ఉందేంటి? సిగ్గనుకున్నాను ఇన్నాళ్లూ." ఇది చెబుతూ ఫోటో మీద వేలు పెట్టి చూపించింది. ఆ ఫోటోలో బాబాయి తలంబ్రాల బియ్యం కళ్లలో పడి మొహం చిట్లించుకున్నట్టుంది నాకు. ఆవిడకి మాత్రం ఇప్పుడది వేరేలా కనిపిస్తోంది.

జ్ఞాపకం పెట్టెలో దాచిన చీరలాంటిది కాదు, ఎప్పుడు తీసినా అదే మడతల్లో రాదు. తీసిన ప్రతిసారీ మనసు దాన్ని కొంత కొత్తగా అల్లుకుంటుందని బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు దాన్ని ఇంకా బలపరిచాయి. అందుకే ఈరోజు తెలిసిన ఒక్క విషయం నిన్నటిదాకా ఉన్న ముప్పై ఆరేళ్లనీ రంగు మార్చేయగలదు. సుదీర్ఘమైన కాపురంలో భార్యాభర్తల అసలు ఆస్తి ఇద్దరూ కలిసి చెప్పుకునే కథ. "మనం అప్పుడు అద్దింట్లో ఉన్నప్పుడు", "చిన్నది పుట్టినప్పుడు వాన", ఇలా. ఆ కథలో తనకి తెలియని ఒక పాత్ర మొదటి నుంచీ ఉందని తెలిస్తే, మిగతాదంతా నిజమేనా అన్న అనుమానం వస్తుంది. "నన్ను కావాలని చేసుకున్నాడా, సర్దుకున్నాడా?" అన్నదే పిన్ని అసలు ప్రశ్న. "ఇప్పటికీ ఆవిడంటే ఇష్టమా?" అని పైకి అడిగినా, లోపల ఉన్నది అది.

బాబాయి పైకి అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పాడు. "లేదు, ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. నిజమే చెప్పాడు. దాంతో ఆవిడ ప్రశ్న అలాగే ఉండిపోయింది. చాలా ఇళ్లలో మాట ఇక్కడే తెగుతుంది. చెప్పినవాళ్లు "చెప్పేశాను కదా" అనుకుంటారు, విన్నవాళ్లు "ఇంకా ఏదో దాస్తున్నాడు" అనుకుంటారు.

ఆ తర్వాత మొదలవుతుంది ఆరా. ఎక్కడ కలిసేవాళ్లు? ఉత్తరాలు రాసుకున్నారా? చెయ్యి పట్టుకున్నాడా? ఏ పాట ఇష్టం? ఒక జవాబు వస్తే గంటసేపు మనసు కుదుటపడుతుంది, తర్వాత ఆ జవాబులోంచే ఇంకో ప్రశ్న పుడుతుంది. "ఆలోచించకు" అని సలహా ఇస్తే మరీ నష్టం. అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఒక ప్రయోగం చేశాడు. కొంతమందిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు. వాళ్లు గంట కొడుతూనే ఉన్నారు. తర్వాత తలుచుకోవచ్చని వదిలేస్తే, మొదటి నుంచీ తలుచుకోమని చెప్పినవాళ్ల కంటే వాళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. కాబట్టి బలవంతంగా తొక్కిపెట్టడం పనిచేయదు, తవ్వుకుంటూ పోవడమూ పనిచేయదు.

నాకు తోచిన తేడా ఒకటుంది. ఈరోజు కాపురానికి సంబంధించిన ప్రశ్నలు అడగాలి: ఇప్పుడు మాటలున్నాయా, డబ్బు లావాదేవీలున్నాయా, పిల్లల విషయమేదైనా ఉందా, ఎందుకు చెప్పలేదు. వీటికి పూర్తి జవాబు పొందే హక్కు ఉంది. మనసులో బొమ్మలు గీసే ప్రశ్నలు మాత్రం అడిగినవాళ్లనే కాలుస్తాయి. ఏ రంగు పరికిణీ కట్టుకునేది అని తెలుసుకుంటే ఆ పరికిణీ ఇంక కళ్లముందు నుంచి పోదు. వారాల తరబడి నిద్ర లేకుండా అదే ఆలోచన తిరుగుతుంటే మాత్రం దాన్ని మొండితనం అనకుండా సాయం తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అదే పిన్నిది అయితే?

రాస్తూ రాస్తూ నేను ఆగిన చోటు ఇది. దండ వేసిన ఫోటో ఒక మగమనిషిదై, తలస్నానం చేసింది పిన్ని అయ్యుంటే? ఈ కథ ఇలా నడిచేది కాదు. మగవాడి విఫల ప్రేమని మనం పాటలుగా పాడుకున్నాం, నలుగురిలో నవ్వుతూ చెప్పుకోనిచ్చాం. ఆడదాని పాత ఇష్టానికి మన వీధుల్లో ఉన్న పేరు "క్యారెక్టర్". పెళ్లిచూపుల్లో అమ్మాయి నోటి నుంచి ఆ మాట రావడం చాలా ఇళ్లలో ప్రమాదం. చెప్పే అవకాశం ఇవ్వకుండా, ముప్పై ఏళ్ల తర్వాత "ఎందుకు దాచావు?" అని అడిగితే న్యాయమెలా అవుతుంది?

మేనరికాలున్న ఇళ్లలో ఇది ఇంకా దగ్గరగా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ "నీ మొగుడు" అని ఆటపట్టించిన బావ, జాతకాలు కలవకో కట్నం కుదరకో వేరే అమ్మాయిని చేసుకుంటాడు. తర్వాత ప్రతి పెళ్లిలో, ప్రతి సీమంతంలో ఎదురుపడతాడు. ఆ ఇష్టాన్ని పెంచిందీ పెద్దలే, తెంచిందీ పెద్దలే. మోయాల్సింది మాత్రం ఆ అమ్మాయి. పక్కన కూర్చున్న భర్తకి అందరూ చెప్పీ చెప్పనట్టు చెబుతారు.

చట్టం ఈ విషయంలో మనకన్నా స్పష్టంగా ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకి కారణంగా చెప్పిన లైంగిక సంబంధం "పెళ్లి జరిగిన తర్వాత"ది. పెళ్లికి ముందు ఎవరినో ఇష్టపడటం విడాకుల కారణాల్లో ఎక్కడా లేదు. మోసం చేసి పెళ్లికి ఒప్పించారంటూ పెళ్లిని రద్దు చేయమని 12వ సెక్షన్ కింద అడగొచ్చు గానీ, మోసం బయటపడిన ఏడాదిలోపు అడగాలి. విషయం తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇక ఆధారం లేకుండా భార్య శీలం మీద నిందలు వేయడమే క్రూరత్వమని, అది భార్యకి విడాకులు పొందే కారణం అవుతుందని సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. పాత ప్రేమ నేరం కాదు గానీ దాన్ని ఆయుధంగా వాడటం మాత్రం తప్పే. అనుమానంతో భార్యని రోజూ కోర్టు బోనులో నిలబెట్టే భర్తలు ఇది తెలుసుకోవాలి.

ఫోన్ బోర్లా పడుకుంటే

ఇన్నీ చెప్పాక, గతం గతః అని ఊరుకోలేని సందర్భం ఒకటుంది. పాత మనిషి బతికే ఉండి, మళ్లీ మాటలు మొదలైతే అది గతం కాదు. ఇప్పుడు మన ఊళ్లలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం జరగని స్కూలు తక్కువ. గురువులకి శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు. చాలా మందికి అది స్వచ్ఛమైన ఆనందం, నేనూ కాదనను. ఆ గ్రూపులోంచి ఒక నంబరుకి విడిగా "ఎలా ఉన్నావ్?" అని వెళ్లే మెసేజ్ దగ్గర దారి మారుతుంది.

అమెరికాలో, శాక్రమెంటోలోని కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రం చెప్పిన నాన్సీ కాలిష్, 1993 నుంచి ఏళ్ల తరబడి పాత ప్రేమికులు మళ్లీ కలుసుకున్న కథలు సేకరించింది. ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు కలిస్తే ఆ బంధాలు బాగా నిలబడటం చూసింది. ఇంటర్నెట్ వచ్చాక పరిస్థితి మారింది. కాపురంలో ఉన్నవాళ్లు, తప్పు చేసే ఉద్దేశం ఏమీ లేకుండా, ఊరికే పలకరిద్దామని మొదలుపెట్టి మునిగిపోవడం చూసి, పెళ్లయినవాళ్లు ఊరికే కూడా వెతక్కండని హెచ్చరించింది. ఆమెకి కథలు చెప్పినవాళ్లు స్వయంగా ముందుకొచ్చినవాళ్లు, కాబట్టి అందరికీ అలాగే అవుతుందని అనలేం. కానీ ఆ హెచ్చరిక నాకు సబబుగానే అనిపిస్తుంది. పదిహేడేళ్ల వయసులో తెగిన మాట అరవైలో మళ్లీ కలిస్తే, అది ఆ పదిహేడేళ్ల వేగంతోనే పరిగెడుతుంది.

గుర్తు పట్టడం కష్టం కాదు. భార్య గదిలోకి రాగానే ఫోన్ బోర్లా పడుకుంటే, లేదా భర్త అడగ్గానే "ఎవరో ఫ్రెండ్" అని మాట తప్పిస్తే, అక్కడ దాచే పని మొదలైంది. జ్ఞాపకం ఉండటం వేరు, దానికి రోజూ నీళ్లు పోయడం వేరు. మొదటిదాన్ని ఓర్చుకోమని ఎవరినైనా అడగొచ్చు. రెండోదాన్ని ఓర్చుకోమని ఏ భార్యనీ, ఏ భర్తనీ అడగకూడదు.

పిన్ని ఇంట్లో ఆ రెండోది లేదు. అది ఆవిడకి తేలడానికి నెల పట్టింది. ఒక రాత్రి, లైటు ఆర్పాక, ఎన్నాళ్లుగానో లోపల ఉన్న ప్రశ్న అడిగింది: "పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు ఆవిడ గుర్తొచ్చిందా?" బాబాయి చాలాసేపు పలకలేదట. తర్వాత "వచ్చింది" అన్నాడు. "మరి ఎప్పుడు పోయింది?" "తెలీదు. ఒకరోజు చూసుకుంటే లేదు. అప్పటికి మన పెద్దది నడుస్తోంది."

ఆ జవాబుకి పిన్ని ఏడ్చింది. అయితే రెండు నెలల్లో మొదటిసారి ఆ రాత్రే నిద్రపోయింది. "లేదు" అని కొట్టిపారేసినప్పుడు నమ్మలేకపోయింది, "వచ్చింది" అన్నాక మిగతాదంతా నమ్మగలిగింది.

అలాగని అంతా సర్దుకుందని చెప్పను. అప్పుడప్పుడు పిన్ని గొంతులో ఒక పుల్లవిరుపు వినిపిస్తుంది. బాబాయి ఆ గ్రూపులోంచి బయటికి వచ్చేస్తానంటే వద్దంది. ఏప్రిల్‌లో నేను వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి ఆవకాయకి కాయలు తుడుస్తున్నారు. బాబాయి తుడిచిన కాయని ఆవిడ మళ్లీ ఒకసారి తుడుస్తోంది, ఎప్పటిలాగే.

ఒక్కటి మాత్రం మిగిలింది. వాళ్ల పెద్దమ్మాయి పేరు రెండు పేర్లు కలిపి పెట్టింది. మొదటిది వాళ్ల నానమ్మది. రెండోది బాబాయి పట్టుబట్టి కలిపింది. ఆ ఫోటో కింద ఉన్న పేరూ అదే. వీధికి నలుగురికి ఉండే పేరే, ఆ రోజుల్లో అందరూ పెట్టుకున్న పేరే. పిన్ని దాన్ని ఆయనతో ఇంతవరకూ అడగలేదు.

"అడగను" అంది నాతో, కాయ పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటూ. "అది నా కూతురి పేరు."